ఉచితం పేరిట వసూలు

ఆన్‌లైన్ వీడియోల్లో ప్రకటనలు పెరిగిపోతున్నాయని ఎవరైనా నోరు తెరిస్తే ఇప్పుడు ఒకటే జవాబు వినిపిస్తోంది: ఊరికే చూస్తున్నప్పుడు ఆ మాత్రం భరించలేరా, లేకపోతే డబ్బు కట్టి ప్రీమియం తీసుకోండి. కంపెనీలు ఈ మాట అంటే అది వాటి వ్యాపారం. చదువుకున్నవారు, రోజూ ఆ ప్రకటనలతోనే విసిగిపోయేవారు కూడా ఇదే పాఠం అప్పజెబుతున్నారు. ఈ వాదనలో రెండు ముక్కలున్నాయి. వీడియో ఉచితం అన్నది ఒకటి. డబ్బు కడితే ప్రకటనలు పోతాయన్నది రెండోది. రెండూ అబద్ధాలే. నూజివీడు మామిడి తోటలో ఫోను పట్టుకుని పురుగు మందు కోసం వెతికే రైతు పక్కన నిలబడి చూస్తే, ఈ అబద్ధాలు ఎంత నష్టం చేస్తున్నాయో తెలుస్తుంది.

ప్రకటనలు ఒక్కరోజులో ఇంతగా పెరగలేదు. గూగుల్ 2006లో యూట్యూబ్‌ను కొన్నది. మరుసటి ఏడాది వీడియో అడుగున పట్టీలాగా ప్రకటన వచ్చింది. 2010లో ఐదు సెకన్ల తర్వాత దాటవేసే ప్రకటన వచ్చింది. దాటవేయడానికి వీల్లేనివీ ఆ పక్కనే చేరాయి. వీడియో మధ్యలో ప్రకటన పెట్టాలంటే ఒకప్పుడు దాని నిడివి పది నిమిషాలు ఉండాలి. 2020 జూలైలో దాన్ని ఎనిమిది నిమిషాలకు దించారు. అదే ఏడాది నవంబరులో నిబంధనలు మార్చి, ఆదాయంలో వాటా లేని చిన్న చానెళ్ల వీడియోలకూ ప్రకటనలు తగిలించే హక్కు రాసుకున్నారు. ఆ డబ్బులో వీడియో తీసినవారికి పైసా రాదు. 2023లో యాడ్ బ్లాకర్లు వాడేవారికి వీడియోలు ఆపేయడం మొదలైంది. ఇన్నేళ్లలో ప్రతి అడుగూ ఒకే దిక్కుకు పడింది. 2024లో యూట్యూబ్ ప్రకటనల రాబడి 3,600 కోట్ల డాలర్లు దాటింది. ఇంత రాబడి ఉన్న సంస్థను ధర్మసత్రంగా చూపి, ప్రేక్షకుణ్ణి ముష్టివాడిలా నిలబెట్టడం సిగ్గుచేటు.

ఇంతకీ ఉచితం ఎక్కడుంది? ఫోను కొన్నది రైతు. నెలనెలా రీచార్జి చేయించేది రైతు. 2024 జూలైలో జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా మూడూ రేట్లు పెంచితే ఆ పెంపు మోసిందీ రైతే. రోజుకు ఒకటిన్నర జీబీ, రెండు జీబీ అని కొలిచి ఇచ్చే ప్యాకులో ప్రకటన వీడియోకు అయ్యే డేటా కూడా అతని ఖాతాలోంచే పోతుంది. అడగని సరుకును తెచ్చి గుమ్మంలో దించి, కూలి కూడా ఇంటివాడి దగ్గరే వసూలు చేసినట్టుంది ఈ పద్ధతి. దీనికి తోడు అతను ఏం వెతికాడో, ఏది ఎంతసేపు చూశాడో లెక్క కట్టి, ఆ లెక్కతోనే ప్రకటనదారుకు అతని చూపును అమ్ముతున్నారు. ఇన్ని విధాల చెల్లించేవాణ్ణి ఊరికే చూస్తున్నాడని అనడానికి నోరెలా వస్తుంది?

రెండో అబద్ధం ఇంతకంటే దారుణం. డబ్బు కడితే ప్రకటనలు పోతాయన్న మాటను అమెజాన్ ప్రైమ్ వీడియోయే బట్టబయలు చేసింది. మన దేశంలో ప్రైమ్ చందాదారులు ఏడాదికి 1,499 రూపాయలు కట్టారు. ప్రకటనలు లేవనే కట్టారు. 2025 జూన్ 17 నుంచి అదే చందాలో సినిమాల మధ్య ప్రకటనలు మొదలయ్యాయి. అవి వద్దనుకుంటే ఏడాదికి మరో 699, లేదా నెలకు 129 రూపాయలు కట్టాలన్నారు. ఏడాది చందా ముందే కట్టి, ఇంకా నెలలు మిగిలి ఉన్నవారికీ ఇదే వరస. నూజివీడు ప్రాంతంలో తోట కౌలుకు ఇచ్చి డబ్బు తీసుకున్న ఆసామి, పిందె నిలిచాక మళ్లీ వచ్చి ఇంకొంత ఇస్తేనే కాయ కోసుకోనిస్తానంటే పెద్దమనుషులు ఊరుకోరు. పంచాయితీ పెట్టి నిలదీస్తారు. అమెరికాలో అంతకు ముందే, 2024 జనవరిలో, ఇదే మార్పు జరిగింది. జర్మనీలో వినియోగదారుల సంఘాల సమాఖ్య దీనిమీద కోర్టుకెక్కింది. ఇక్కడ మాత్రం కట్టేవాడే కట్టనివాడికి బుద్ధులు చెబుతున్నాడు.

మిగిలినవారూ తక్కువేం తినలేదు. 2023లో జియోసినిమా ఐపీఎల్ మ్యాచ్‌లను ఊరికే చూపింది. జనం అలవాటు పడ్డారు. 2025 ఫిబ్రవరిలో హాట్‌స్టార్‌తో కలిసి జియోహాట్‌స్టార్‌గా మారాక చందా వచ్చింది. అప్పట్లో మూడు నెలలకు 149 రూపాయల ప్లాన్‌లోనూ, 299 రూపాయల ప్లాన్‌లోనూ ప్రకటనలుండేవి. 499 రూపాయలు కట్టినవారికి కూడా ప్రత్యక్ష క్రీడా ప్రసారాల్లో ప్రకటనలు తప్పలేదు. మామిడి కోతలు, ఐపీఎల్ ఒకే కాలంలో వస్తాయి. రాత్రి తోటలో కాపలా ఉండే మనిషికి ఓవర్ ఓవర్‌కూ ఏదో ఒకటి అమ్ముతూనే ఉంటారు. యూట్యూబ్ ప్రీమియం సంగతీ అంతే. 2024 ఆగస్టులో నెల చందాను 129 నుంచి 149కి, కుటుంబ చందాను 189 నుంచి ఏకంగా 299కి పెంచారు. అది కట్టినా, వీడియో చేసేవారు మాటల మధ్యలో తామే చెప్పే ప్రాయోజిత ప్రచారం అలాగే ఉంటుంది. డబ్బు కడితే ప్రకటనలు పోతాయని ఇంకా ఎవరు నమ్మాలి?

వినోదం సంగతి అలా ఉంచి, అసలు నష్టం జరిగే చోటికి రావాలి. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట చుట్టూ బంగినపల్లి, కలెక్టర్, రసాల తోటలున్నాయి. డిసెంబరు, జనవరి నెలల్లో పూత వస్తుంది. అప్పుడే తేనెమంచు పురుగు పూతను పట్టి రసం పీలుస్తుంది. అది వదిలే జిగట మీద మసి పడుతుంది. బూడిద తెగులు తగిలితే పూత రాలిపోతుంది. కొన్నేళ్లుగా తామర పురుగు బెడద కూడా పెరిగింది. రైతుకు చేతిలో ఉండేది కొద్ది రోజులే. మందు పూత మొదలయ్యేటప్పుడు కొట్టాలి. పూత విచ్చుకున్నాక కొడితే తేనెటీగలు, ఈగలు చచ్చి, పిందె కట్టడమే దెబ్బతింటుంది. ఏ మందు, లీటరు నీటికి ఎంత, ఎప్పుడు అన్న మూడు ముక్కల కోసమే అతను వీడియో తెరుస్తాడు.

అక్కడ అతనికి ఎదురయ్యేదేమిటి? మొదట ప్రకటన, మధ్యలో ప్రకటన. ప్రకటనల ఎంపిక వీడియో విషయాన్నీ, చూసేవారి అలవాట్లనూ బట్టి జరుగుతుంది. అందుకే మామిడి పూత గురించి వెతికేవాడికి పూత విరగబూయిస్తామనే టానిక్కుల ప్రకటన తగలడంలో ఆశ్చర్యం లేదు. శాస్త్రవేత్త పూత విచ్చుకున్నాక మందు కొట్టొద్దని చెబుతుండగా మధ్యలో దూరి, ఇప్పుడే కొనండి అనే గొంతు ఆ హెచ్చరికను నమిలేస్తుంది. జీవ ఉత్ప్రేరకాల పేరిట ఏవేవో అమ్ముతున్నారనే కేంద్రం 2021లో వాటిని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చింది. దుకాణంలో సీసా అమ్మాలంటే లైసెన్సు, లేబులు, తనిఖీ ఉన్నాయి. అదే సీసా ఫోను తెర మీదికి వచ్చి రైతు ముందు నిలబడితే ఆపి అడిగే మనిషి లేడు. నూజివీడులోనే ఉద్యాన విశ్వవిద్యాలయం వారి మామిడి పరిశోధన స్థానం ఉంది. అక్కడి సలహా రైతుకు చేరే దారిలో అంగడి తెరిచి కూర్చున్నవారిని సమర్థించడం రైతుకు ద్రోహం చేయడమే.

ఇంకొక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నూజివీడుకు మామిడితో పాటు వీణ వల్ల కూడా పేరుంది. పనస కర్రతో వీణలు చేసే పనివారు ఆ ఊళ్లో తరాలుగా ఉన్నారు. ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు వంటి వైణికుల పాత కచేరీలు ఇప్పుడు కొత్తతరం వినేది యూట్యూబ్‌లోనే. ఆలాపన మెల్లగా పైకెక్కుతున్న చోట సబ్బు ప్రకటన విరుచుకుపడుతుంది. రాగానికి ఎక్కడ విరామముందో తెలియని యంత్రానికి ఆ చోటు ఎంచుకునే అధికారం ఇచ్చారు. ఒకప్పుడు ఆకాశవాణి విజయవాడ కేంద్రం కచేరీ ప్రసారం చేస్తే మధ్యలో ఏ వ్యాపారీ నోరు పెట్టేవాడు కాదు. కళను ఇంతగా అవమానించి, దానికి సాంకేతిక ప్రగతి అని పేరు పెట్టుకోవడం తెలుగువారికి తగదు.

చట్టం సంగతి చూస్తే అన్యాయం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నియమాల ప్రకారం టీవీ చానెల్ గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదు. అందులో పది నిమిషాలు వ్యాపార ప్రకటనలు, రెండు నిమిషాలు చానెల్ సొంత ప్రచారం. 2013లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దీన్ని గట్టిగా అమలు చేయబోతే చానెళ్లు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి, వివాదం ఏళ్ల తరబడి సాగింది. అయినా కాగితం మీద ఒక హద్దంటూ ఉంది. ఆన్‌లైన్ వీడియోలకు ఆ హద్దు కూడా లేదు. 2021 ఐటీ నియమాలు సినిమాలు, సిరీస్‌లకు వయసు వర్గీకరణ చెప్పాయి, ఫిర్యాదుల వ్యవస్థ చెప్పాయి. ప్రకటనల నిడివి గురించి ఒక్క ముక్క లేదు. థియేటర్ విషయంలో 2025 ఫిబ్రవరిలో బెంగళూరు వినియోగదారుల ఫోరం, టికెట్‌లో రాసిన వేళ దాటాక 25 నిమిషాలు ప్రకటనలు వేసిన పీవీఆర్ ఐనాక్స్‌కు జరిమానా వేసింది. ఆ ఉత్తర్వును తర్వాత కర్ణాటక హైకోర్టు నిలిపివేసింది. అయినా ప్రేక్షకుడి సమయానికి విలువ ఉందని ఒక ఫోరం గుర్తించింది, అది చాలు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 రకాల మోసపూరిత పద్ధతులను నిషేధించింది. చందా ఉచ్చు, ఒకటి చూపి ఇంకొకటి అంటగట్టడం, పదే పదే అడిగి విసిగించడం వాటిలో ఉన్నాయి. ప్రీమియం కొనమని ప్రతిసారీ తెర మీదికి వచ్చే పెట్టె ఈ చివరి దానికిందికి ఎందుకు రాదో ప్రభుత్వం చెప్పాలి.

ప్రకటనలు లేకపోతే వీడియోలు తీసేవారు బతకరన్న వాదన ఒకటుంది. పెద్ద వీడియోలపై వచ్చే రాబడిలో 55 శాతం వారికి ఇస్తున్న మాట నిజమే. అయితే వెయ్యి మంది చందాదారులు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ లేని చానెల్‌కు ఆ వాటా అందదు. తోటలో నిలబడి తన అనుభవం చెప్పే రైతు చానెళ్లలో ఈ గీత దాటలేనివి ఎన్నో. బ్లాకర్ వాడటం దొంగతనమన్న వాదనకు జవాబు అక్కర్లేదు. ముందు దొంగతనం ఎవరు చేశారో పైన చెప్పిన లెక్కలే చెబుతున్నాయి.

జరగాల్సింది పెద్ద పనేమీ కాదు. టీవీకి ఉన్న 12 నిమిషాల హద్దును ఆన్‌లైన్ వీడియోకూ పెట్టాలి. చందా కట్టిన కాలం పూర్తయ్యే దాకా షరతులు మార్చకూడదని చట్టం చేయాలి. వ్యవసాయం, వైద్యం, చదువు గురించి ప్రభుత్వ సంస్థలు పెట్టే వీడియోల మధ్యలో ప్రకటన నిషేధించాలి. రాష్ట్రానికి 2017 నుంచి సొంత ఫైబర్‌నెట్ ఉంది, విశ్వవిద్యాలయాల దగ్గర విషయం ఉంది. ఆ రెంటినీ కలిపి ప్రకటనలు లేని రైతు వీడియోలను ఊరూరికీ అందించే ఏర్పాటు చేయాలి. దాని రూపురేఖలు నిపుణులు తేల్చుకోవచ్చు.

అంతవరకు ప్రేక్షకుడు చేయగలిగింది ఒకటుంది. చందా మధ్యలో షరతు మార్చినా, మోసపు ప్రకటన చూపినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి. ఊరికే చూస్తున్నాం కదా అని ఇకనైనా ఎవరూ తల వంచుకోవద్దు.