బండి కడుపు మాడితే

పోయిన నెల మా అక్కయ్యగారి అబ్బాయి తన కారులో మమ్మల్ని తిరుపతి తీసుకువెళ్లాడు. మహదేవపురలో కాపురమున్న మనవాళ్లందరికీ ఆ దారి తెలిసినదే: కోలారు, ముళబాగిలు, పలమనేరు. వెళ్లేటప్పుడు ఏ చిక్కూ లేదు. తిరిగి వస్తూ మొగిలి ఘాటు ఎక్కుతుండగా, ఒక లారీని దాటబోయి వాడు ఆక్సిలరేటరు గట్టిగా తొక్కాడు. బండి ఉరకవలసింది పోయి, డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్లు టకటకలాడి నీరసించింది. వెనుక నుంచి బస్సు హారను మోగిస్తూ మీదికి వచ్చేసింది. అక్కయ్య ఒడిలో చంటిపిల్ల. ఎలాగో పక్కకు తప్పించుకున్నాము గనుక ఈ నెల ఈ శీర్షిక వ్రాస్తున్నాము.

ఆ యింజనుకు సూపర్‌ఛార్జరు వున్నది. అనగా, యింజను తనంతట పీల్చుకొనే గాలి చాలదని, బెల్టుతో తిరిగే యంత్రం మరికొంత గాలిని లోపలికి కూరుతుంది. గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి. అన్నం పెరిగి పప్పు పెరగకపోతే ఇంట్లో గొణుక్కుంటారు. యింజను అంతటితో వూరుకోదు, పిస్టను కరగబెట్టుకుంటుంది. ఆ టకటక దానికి ముందుమాట.

ఏం చేశావురా అని అడిగితే, "చిన్న పుల్లీ వేయించాను మామయ్యా, గాలి ఒక్కటే కదా పెంచింది!" అన్నాడు. పంపు మాత్రం పాతదే.

ఈ జబ్బు కొత్తది కాదు. మన పక్కన విమానపురలో హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్టు కర్మాగారం పుట్టిన 1940లోనే, ఇంగ్లండులో స్పిట్‌ఫైరు, హరికేను విమానాలకు ఇటువంటి బాధే వచ్చింది. వాటి మెర్లిన్ యింజనుకూ సూపర్‌ఛార్జరు వుండేది. ముక్కు దించి ఒక్కసారిగా కిందికి దూకబోతే కార్బ్యురేటరులో పెట్రోలు పైకెగసి, యింజను తడబడేది. జర్మను విమానాలలో పెట్రోలును నేరుగా చిమ్మే ఏర్పాటు వున్నందున వాటికా బెడద లేదు. బియట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు (ఆవిడ మోటారుసైకిలు పందేల్లోనూ ఘనురాలే) 1941లో చిల్లుగల చిన్న ఇత్తడి బిళ్ల అమర్చి చాలావరకు నయం చేసింది. చిల్లు కొలత ఎలా తేల్చింది? పూర్తి బలంతో తిరిగేటప్పుడు యింజను ఎంత తాగుతుందో అంతకు.

మన బండికీ ఆ కొలతే కావాలి. నిలబడి వున్నప్పుడు కాదు, పూర్తి భారం మీద పెట్రోలు ఒత్తిడి చూపించమని మెకానిక్కును అడగండి. లోపలి గాలి ఒత్తిడి పెరిగిన కొద్దీ పెట్రోలు ఒత్తిడీ పెరగాలి. పంపు బాగున్నా తీగ సన్నగిల్లితే కరెంటు చాలక నీరసిస్తుంది. ఫిల్టరు మూసుకుపోయినా అంతే. పంపు ట్యాంకులోనే వుంటుంది, పెట్రోలే దాన్ని చల్లార్చేది. కాబట్టి పావు ట్యాంకు కంటె తగ్గనివ్వవద్దు.

నీటి సంగతి మనవాళ్లకు వేరే చెప్పాలా? 2022 సెప్టెంబరు వరదలో మహదేవపుర వైపు ఎన్ని కార్లు మునిగాయో చూశాము. మునిగిన బండి ట్యాంకు కడిగించనిదే స్టార్టు చేయరాదు. 2023 ఫిబ్రవరిలో బెంగుళూరులోనే ప్రారంభించిన ఇరవై పాళ్ల ఇథనాలు పెట్రోలు నీటిని లాక్కుంటుంది; నీరెక్కువైతే రెండూ కలిసి అడుగున, సరిగ్గా పంపు పీల్చేచోట, చేరుతాయి. పైగా అదే బలానికి ఈ పెట్రోలు కొంచెం ఎక్కువే పట్టాలి.

మావాడు కొత్త పంపు వచ్చేదాకా పాత పుల్లీ బిగించుకున్నాడు. అక్కయ్య మాత్రం ఉగాదికి బస్సు టిక్కెట్లు కొనేసింది.