ముందు మగవారికి పరీక్ష చేయించండి

రామాయపట్నం నుంచి కృష్ణపట్నం దాకా తీరం వెంట ఉన్న పాలేల పెద్దలకు, అత్తమామలకు, కొత్తగా పెళ్లయిన తమ్ముళ్లకు ఈ విన్నపం.

మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు వచ్చి, సంతాన రొట్టె కోసం స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడే కోడళ్లు ఎందరో. ఆ నమ్మకం వాళ్లది, దాన్ని కాదనను. నా బాధంతా వేరే. ఆ అమ్మాయికి స్కానింగులు, మందులు, మాటలు అన్నీ అయిపోయి ఉంటాయి. భర్తకు ఒక్క వీర్యపరీక్ష కూడా జరిగి ఉండదు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవారి లోపం కూడా ఉంటుందని వైద్యులు ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు.

ఆ లోపాల్లో ఒకటి వీర్యకణాల తోకలో ఉంటుంది. తోక లోపల నడుమ రెండు, చుట్టూ తొమ్మిది జంటల సన్నని గొట్టాలుంటాయి. డైనీన్ అనే ప్రోటీన్ వాటిని కదిలిస్తేనే కణం ఈదుతుంది. ఈ అమరికకు కావలసిన జన్యువులు చెడితే తోక పొట్టిగా మిగులుతుంది, చుట్టుకుపోతుంది, ఒక్కోసారి అసలు మొలవదు. డీఎన్ఏహెచ్1 జన్యువుకు ఈ లోపంతో ఉన్న సంబంధం 2014లో బయటపడింది. 2022లో మన హైదరాబాద్ సీసీఎంబీలో తంగరాజ్ బృందం మన దేశపు మగవారి సంతానలేమితో ముడిపడిన ఎనిమిది జన్యువులను గుర్తించింది. వాటిలో క్యాట్‌స్పర్‌డి తోక బలంగా కొట్టుకోవడానికి కావాలి, స్పాటా6 తలకు తోక అతికే చోట కావాలి.

ఇలాంటి లోపం ఉన్న మనిషి వల వేస్తాడు, బరువులెత్తుతాడు, కాపురం చేస్తాడు. మగతనానికి ఏ లోటూ ఉండదు. లోపం మైక్రోస్కోపు కింద తప్ప కనబడదు. కొందరికి మాత్రం చిన్నప్పటి నుంచి తెమడ దగ్గు, ముక్కు దిబ్బడ వదలవు. ఊపిరిగొట్టాల్లోని సన్నని వెంట్రుకల్లాంటి భాగాల అమరికా ఇదే గనక. ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

మేనరికాల గురించి కూడా దాచకుండా మాట్లాడుకోవాలి. మన రాష్ట్రంలో సుమారు నాలుగో వంతు పెళ్లిళ్లు దగ్గరి బంధువుల మధ్యే. తోక లోపాల్లో ఎక్కువ భాగం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున ఒకే జన్యువు చెడిన ప్రతులు రెండూ చేరినప్పుడే బయటపడతాయి. అమ్మానాన్నలు ఆరోగ్యంగానే ఉంటారు. రక్తసంబంధం ఉన్నచోట ఇద్దరి దగ్గరా అదే చెడిన ప్రతి ఉండే అవకాశం ఎక్కువ. అన్నకు ఈ లోపం ఉంటే ఒక్కో తమ్ముడికి అది రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది. అన్న సిగ్గుపడి దాస్తే తమ్ముడి భార్య కూడా అవే మాటలు పడాలి.

తమ్ముళ్లారా, పెళ్లయి ఏడాది దాటినా పిల్లలు కలగకపోతే రెండు నుంచి ఏడు రోజులు ఎడంగా ఉండి వీర్యపరీక్ష చేయించుకోండి. తోకలన్నీ వంకరగానో పొట్టిగానో ఉన్నాయని తేలితే జన్యుపరీక్ష సంగతి అడగండి. పుట్టుకతో వచ్చిన తోక లోపాన్ని ఏ లేహ్యమూ, ఏ పొడీ సరిచేయదు. వాటికి అప్పు చేయకండి. 1992 నుంచి ఇక్సీ పద్ధతి ఉంది. బతికున్న వీర్యకణాన్ని ఎంచి నేరుగా అండంలోకి పంపుతారు. ఈదలేని కణంతోనూ చాలామంది తండ్రులయ్యారు. భార్య బంధువుల పిల్లే అయితే అదే చెడిన ప్రతి ఆమెలోనూ ఉందేమో తెలుసుకోవడానికి ముందుగా ఆమె రక్తం కూడా పరీక్షించాలి.

అత్తమ్మలారా, ఈసారి కోడలిని ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు కొడుకుని కూడా వెంటబెట్టుకెళ్లండి. మొదటి పరీక్ష అతనికే చేయించండి.