సొంత ఫైళ్లు, సంస్థ కంప్యూటరు

పదవీ విరమణ నాడు దండలు, ప్రసంగాలు ముగిసిన పిమ్మట ఉద్యోగి తన బల్ల సొరుగు ఖాళీ చేసుకుంటాడు. కళ్లజోడు పెట్టె, మందుల డబ్బా, దేవుడి పటం సంచిలోకి చేరడానికి పది నిమిషాలు చాలు. కాని బల్లమీది కంప్యూటరులో ఏళ్ల తరబడి పేరుకున్న కూతురి పెళ్లి ఫొటోలు, ఇంటి దస్తావేజుల నకళ్లు, ఆదాయపు పన్ను పత్రాల మాటేమిటి? ఆయన పేరిట ఉన్న లాగిన్ ఆ సాయంకాలమే మూతపడవచ్చు. మర్నాడు ఆ యంత్రాన్ని పూర్తిగా చెరిపివేసి మరొకరికి అప్పగించనూ వచ్చు. వేరే చోట నకలు లేని ఫొటో అంతటితో పోయినట్లే.

ఆ తొందరలో కనబడినదంతా పెన్‌డ్రైవులో కుమ్మరించుకొని పోవడం ప్రమాదకరం. ఫొటోలు ఉద్యోగివే అయినా యంత్రం సంస్థది. వాటి పక్కనే ఉన్న ఖాతాదారుల జాబితా, ధరల పట్టిక, నివేదికలు సంస్థవే. "ఆ నివేదిక నేను రాసినదే కదా" అనే వాదన కూడ నిలవదు. వేరే ఒప్పందం లేనప్పుడు, ఉద్యోగ విధుల్లో భాగంగా రాసినదానికి తొలి హక్కుదారు యజమానియేనని 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను చెబుతున్నది. కంప్యూటరు యజమాని అనుమతి లేకుండ అందులోని సమాచారాన్ని నకలు చేసుకుంటే నష్టపరిహారం చెల్లించవలసి వస్తుందని 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షను నిర్దేశిస్తున్నది. అదే పని మోసబుద్ధితో చేస్తే 66వ సెక్షను ప్రకారం మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేక రెండూ విధించవచ్చు.

కనుక మొదటి మెట్టు అనుమతి. విరమణకు కనీసం వారం ముందే సొంత ఫైళ్లన్నిటినీ ఒక ఫోల్డరులోకి చేర్చి, వాటి జాబితాతో పై అధికారికి రాతపూర్వకంగా విజ్ఞప్తి చేసుకోవడం ఉత్తమం. పలు కార్యాలయాల్లో పెన్‌డ్రైవు పనిచేయకుండ కట్టడి చేస్తారు. ఇది కేవలం ఉద్యోగిపై అనుమానంతో చేసే పని కాదు. 2008లో పశ్చిమాసియాలోని ఒక స్థావరంలో అమెరికా సైనిక ల్యాప్‌టాపుకు తగిలించిన పెన్‌డ్రైవు ద్వారా హానికరమైన ప్రోగ్రాము ప్రవేశించి, రహస్య నెట్‌వర్కుల వరకు పాకింది. ఆ సైన్యం కొంతకాలం పెన్‌డ్రైవులనే నిషేధించవలసి వచ్చింది. వాకిలి మూసి ఉన్నచోట సొంత ఈమెయిలుకు పంపుకోవడం వంటి దొడ్డిదారులు వెదకరాదు. కంప్యూటరు విభాగం వారినే నకలు తీసి ఇమ్మని కోరాలి.

అనుమతి లభించిన పిమ్మట ఫైళ్లను ‘కట్’ చేయక ‘కాపీ’ చేయాలి. మధ్యలో కరెంటు పోయినా, పెన్‌డ్రైవు ఊడినా అసలు ప్రతి పదిలంగా ఉంటుంది. ఎఫ్ఏటీ32 పద్ధతిలో సిద్ధపరచిన పెన్‌డ్రైవులో 4 గిగాబైట్లు, అంతకు మించిన ఫైలు పట్టదు. పెద్ద పెళ్లి వీడియో అక్కడ ఆగిపోతుంది. ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఆ చిక్కు లేదు. విండోస్, మ్యాక్ రెండింటిలోనూ అది పనిచేస్తుంది. అయితే పద్ధతి మార్చేటప్పుడు పెన్‌డ్రైవులోని పాత ఫైళ్లన్నీ చెరిగిపోతాయి గనుక ఖాళీదానినే వాడాలి. ఇంటి ల్యాప్‌టాపులో ముందుగా వైరస్ తనిఖీ జరిపి, ఫైళ్ల సంఖ్య, పరిమాణం సరిచూచి, కొన్నింటిని తెరచి చూడాలి. అన్నీ సక్రమంగా ఉన్నాయని తేలిన తరువాతనే కార్యాలయంలోని సొంత ప్రతులను తొలగించాలి. సంస్థ ఫైళ్ల జోలికి పోరాదు.

తొలగించిన ఫైలు సాధారణంగా రీసైకిల్ బిన్‌లో ఉండిపోతుంది. దానినీ ఖాళీ చేయాలి. బ్రౌజరు గుర్తుంచుకున్న బ్యాంకు పాస్‌వర్డులు చెరిపి, సొంత ఈమెయిలు, వాట్సాప్ వెబ్ నుండి బయటకు రావాలి. ఇవి మరిస్తే "తాళం వేసితిని, గొళ్లెం మరచితిని" అన్నట్లవుతుంది.

విరమణ దాకా ఆగనక్కరలేదు. బదిలీ, రాజీనామా, యంత్రం చెడిపోవడం ఏ రోజునైనా రావచ్చు. కూతురి పెళ్లి ఫొటోలకు ఇంట్లో ఒక ప్రతి ఇప్పటికే ఉన్న ఉద్యోగి ఆ రోజున సొరుగు మాత్రం ఖాళీ చేసుకొని నిశ్చింతగా ఇంటికి పోగలడు.