నెట్‌వర్క్ స్కాన్‌లో అన్నిటికీ టిక్ పెట్టకండి!

మా ఖానాపూర్‌లో తెలిసినాయన ఒక చిన్న ఆఫీసు నడుపుతారు. ఆరు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, ఒక రౌటర్, సీసీ కెమెరాల రికార్డర్ ఒకటి. "ఏవేం ఉన్నాయో ఒక లిస్ట్ చేసిపెట్టు తమ్మీ" అన్నారు. నేనేమో ఒక ఫ్రీ స్కానర్ టూల్ ఇన్‌స్టాల్ చేసి, ఆప్షన్లన్నీ ఆన్ చేసి స్టార్ట్ కొట్టా. కాసేపటికే ఒక ప్రింటర్ పిచ్చి అక్షరాలతో పేపర్లు కక్కడం మొదలెట్టింది! రిపోర్ట్ చూస్తే పది వస్తువులకు బదులు ఇరవై మూడు. మిగతావన్నీ స్టాఫ్ ఫోన్లే.

ప్రింటర్ తప్పేం లేదు. చాలా నెట్‌వర్క్ ప్రింటర్లు 9100 పోర్టుకు ఏం పంపినా ప్రింట్ చేసేస్తాయి. అందుకే ఎన్‌మ్యాప్ కూడా వెర్షన్ స్కాన్‌లో ఆ పోర్టును డీఫాల్ట్‌గా వదిలేస్తుంది. తప్పు నాదే. ఏం కావాలో తేల్చుకోకుండా అన్నీ అడిగేశా.

ముందు ప్రశ్న, తర్వాతే టిక్

నా అభిప్రాయం ఒక్కటే. ఐటీ అసెట్ మేనేజ్‌మెంట్‌లో ఏ టూల్ వాడుతున్నారన్నది తర్వాతి మాట. ఏ డేటా తీసుకోవాలో, ఏది వదిలేయాలో ముందు సెట్ చేసుకోవాలి.

ఒక ఉదాహరణ చూడండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది. మన దగ్గర ఇంకా ఎన్ని పీసీలు దాని మీదే ఉన్నాయి? దీనికి కంప్యూటర్ పేరు, ఓఎస్ వెర్షన్, ప్రాసెసర్, ర్యామ్, టీపీఎం 2.0 ఉందా లేదా అన్నది తెలిస్తే చాలు. ఎవరి ఫోల్డర్లో ఏ ఫైళ్లున్నాయో మనకెందుకు? ప్రింటర్ అయితే ఎస్ఎన్ఎంపీ ద్వారా మోడల్, పేజీ కౌంట్, టోనర్ లెవెల్. రౌటర్‌కి ఫర్మ్‌వేర్ వెర్షన్. అంతే.

ఫోన్ల సంగతేంటి?

ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైకి అసలు మ్యాక్ అడ్రస్ బదులు ర్యాండమ్ అడ్రస్ ఇస్తున్నాయి. కాబట్టి అడ్రస్ చూసి కంపెనీని పట్టుకునే పాత ట్రిక్ వాటి మీద నడవదు. కానీ చాలా ఫోన్లకు ఓనర్ పేరే ఉంటుంది. గంటకోసారి స్కాన్ పెడితే ఎవరు ఎప్పుడొచ్చారు, ఎప్పుడెళ్లారు అన్నీ రికార్డయిపోతాయి. వస్తువుల లిస్ట్ అనుకున్నది మనుషుల మీద నిఘా అవుతుంది. 2023 డేటా రక్షణ చట్టం కూడా చెప్పిన పనికి అవసరమైనంత వ్యక్తిగత డేటానే తీసుకోమంటోంది.

"మరి తెలియని డివైస్ వస్తే?" అంటారా? న్యాయమైన ప్రశ్నే. దానికి ఐపీ, మ్యాక్, టైమ్‌తో ఒక అలర్ట్ వస్తే సరిపోతుంది. దాన్ని లోపలిదాకా తవ్వక్కర్లేదు.

మళ్లీ ఎలా చేశానంటే

స్టాఫ్ ఫోన్లను గెస్ట్ వైఫైకి మార్చా. ఆఫీసు వస్తువులకు రౌటర్‌లో ఐపీలు రిజర్వ్ చేసి, ఆ రేంజ్ మాత్రమే స్కాన్‌కి ఇచ్చా. ప్రింటర్లను పోర్ట్ స్కాన్ నుంచి తీసేసి ఎస్ఎన్ఎంపీకి వదిలా. దానికి 'పబ్లిక్' అనే డీఫాల్ట్ పాస్‌వర్డ్ ఉంటే మార్చడం మర్చిపోకండి.

ఈసారి పదే వరుసలు. ఆయన ఒక్క చూపులో విండోస్ 10 పీసీలు మూడున్నాయని పట్టేశారు. ఇరవై మూడు వరుసల రిపోర్ట్‌ను మాత్రం సగం కూడా చదవలేదు. చదవని డేటా ఎంతుంటే ఏం లాభం?