ఎదిగిన బిడ్డలతో మంచుకొండలకు

కరీంనగర్ జిల్లా నుండి ఒక పాఠకుడు మాకు సుదీర్ఘమైన లేఖ రాశారు. ఆయన వయసు అరవై రెండేళ్ళు. పెద్ద కుమారుడు హైదరాబాదులో, రెండవవాడు జిద్దాలో ఉద్యోగం చేస్తున్నారు. కుమార్తె బెంగుళూరులో చదువు ముగించి కొలువులో చేరింది. డిసెంబరు చివరలో తల్లిదండ్రులను కాశ్మీరులోని గుల్‌మర్గ్‌కు తీసుకువెళ్ళాలని ముగ్గురూ కలిసి నిశ్చయించారు. అక్కడ మంచు మీద జారే స్కీయింగ్ నేర్చుకుంటారట. టికెట్లు కొన్న తరువాతే తండ్రికి చెప్పారు. “ఇది వ్యర్థ వినోదం కాదా? ఈ సొమ్ముతో ఉమ్రాకు వెళ్ళవచ్చు కదా? నన్ను ఒక్క మాటైనా అడగలేదు” అని ఆయన రాశారు. చివరిది ప్రశ్న కాదు. అయినా లేఖలోని అసలు బాధ అదేనని మాకు తోచింది.

మొదటి రెండింటికి సమాధానం క్లుప్తమే. దైవప్రవక్త (సఅసం) తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. పండుగనాడు మస్జిదె నబవీలో హబషీలు ఈటెలతో విన్యాసాలు చేస్తుంటే ఆమెకు చూపించారు. శరీరానికి వ్యాయామాన్ని, కుటుంబానికి సంతోషాన్ని ఇచ్చే ఆట, నమాజును మరిపించనంత వరకు, మర్యాదను మీరనంత వరకు ధర్మసమ్మతమే. ఇక ఉమ్రా సంగతి. హజ్ విధి అయి ఇంకా నెరవేర్చని వారు ముందు దాని గురించి ఆలోచించాలి. వడ్డీ అప్పుతో చేసే విహారమైతే మేము వద్దనే అంటాము. ఈ రెండూ లేనప్పుడు, తల్లిదండ్రుల ముఖంలో చిరునవ్వు చూడటానికి బిడ్డలు తమ హలాల్ సంపాదనను ఖర్చు చేస్తుంటే దానిని తూకం వేయవలసిన పని లేదు. బిడ్డ, బిడ్డ సంపద తండ్రివేనన్న అర్థం గల హదీసు తండ్రులందరికీ బాగా కంఠస్థమై ఉంటుంది. అది పిల్లల ప్రణాళికలను రద్దు చేయటానికి వచ్చిన హదీసు కాదు.

మూడవ విషయానికి వస్తే, ఆ సోదరుడు సూరా యూసుఫ్‌ను ఈసారి తండ్రి వైపు నుండి చదవాలని కోరుతున్నాము. ఎదిగిన కుమారులు, వారి ప్రయాణాలు, ఇంట్లో మిగిలిన తండ్రి: ఆ సూరా నిండా ఇవే. యూసుఫ్ (అ) ఆడుకోవటానికి తమతో పంపమని కుమారులు అడిగినప్పుడు హజ్రత్ యాఖూబ్ (అ) ఆటను తప్పుపట్టలేదు. తన భయమేమిటో చెప్పారు. తోడేలు అన్నారు. చాలా ఏళ్ళ తరువాత అదే కుమారులు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఈజిప్టుకు బయలుదేరినప్పుడు, అందరూ ఒకే ద్వారం గుండా ప్రవేశించవద్దని సలహా ఇచ్చి, నిర్ణయం అల్లాహ్‌దేనని వారిని సాగనంపారు. అంతకుముందు తనతో అబద్ధమాడిన కుమారులు వారు! ఎదిగిన బిడ్డకు తండ్రి ఇవ్వగలిగినది ఇదే: భయానికి పేరు పెట్టి చెప్పటం, సలహా ఇవ్వటం, దుఆ చేయటం. “నన్నడగలేదు” అని ముడుచుకు కూర్చుంటే ఈ మూడింటిలో ఏదీ జరగదు.

గుల్‌మర్గ్‌లో తోడేలు ఏమిటో కూడా చెప్పుకోవాలి. ఆ మైదానం సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గోండోలా, అంటే తీగ మీద నడిచే పెట్టెబండి, మొదటి దశలో కొంగ్‌డోరీకి, రెండవ దశలో అఫర్వట్ కొండ మీద దాదాపు 3,950 మీటర్లకు చేరుస్తుంది. రక్తపోటు, గుండె జబ్బు ఉన్న పెద్దలు మొదటి దశతో ఆగిపోవటమే మేలు. 2023 ఫిబ్రవరిలో అఫర్వట్ వాలులో మంచుచరియలు విరిగిపడి ఇద్దరు పోలండ్ దేశస్థులు మరణించారు. కొత్తగా నేర్చుకునేవారు కింది మైదానంలోని చిన్న వాలులు దాటి పోరాదు. “పోవద్దు” అనే తండ్రి మాట కంటే “పై వాలుకు పోవద్దు” అనే మాటను బిడ్డలు వింటారు.

ఇక నమాజు. ఇంటి నుండి సుమారు 78 కిలోమీటర్లకు మించిన ప్రయాణం, ఒకచోట పదిహేను రోజుల కంటే తక్కువ బస కాబట్టి హనఫీ మస్లక్ ప్రకారం నాలుగు రకాతుల ఫర్జ్ రెండు అవుతుంది. స్థానిక ఇమామ్ వెనుక నిలబడితే పూర్తిగా చదవాలి. డిసెంబరు చివర అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక జుహ్ర్ ప్రవేశిస్తుంది. సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో సూర్యాస్తమయం. గోండోలా వరుసలో నిలబడి జుహ్ర్‌ను పోగొట్టుకోవటం సులభం.

చలి ఒక్కటే తయమ్ముమ్‌కు అనుమతి కాదు. వసతిగృహంలో వేడినీళ్ళు ఉన్నప్పుడు వుజూ చేయవలసిందే. వేడినీరు దొరకక, చన్నీటితో జబ్బుపడే నిజమైన భయం ఉంటేనే అనుమతి. జాతుస్సలాసిల్ దండయాత్రలో హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) గడ్డకట్టే రాత్రి స్నానానికి బదులు తయమ్ముమ్ చేసి నమాజు చేయించారు. కారణం విని దైవప్రవక్త (సఅసం) నవ్వారు. అయితే మంచు మీద తయమ్ముమ్ చెల్లదు. మట్టి లేదా రాయి కావాలి. నుదురు కుంగిపోయే మెత్తని మంచు మీద సజ్దా కూడా చెల్లదు. గట్టిపడిన నేల చూసుకోవాలి.

వుజూ చేసి తోలు మేజోళ్ళు తొడిగితే ప్రయాణికుడు మూడు పగళ్ళు, మూడు రాత్రులు వాటి మీద మసహ్ చేయవచ్చు. స్కీ బూటు పిక్క వరకు బిగిసి ఉంటుంది, దానితో సజ్దా చేయటం కష్టం, విప్పక తప్పదు. మసహ్ ఆ బూటు మీదే చేసి ఉంటే విప్పగానే కాళ్ళు కడుక్కోవాలి. ఉదయం వుజూతో బయలుదేరి జుహ్ర్ వరకు నిలుపుకోవటం అన్నింటికంటే సులువు. కాశ్మీరు మసీదులలో హమామ్ అనే గది ఉంటుంది. కింద కట్టెలు మండించి రాతి నేలను వెచ్చబరుస్తారు, వుజూకు వేడినీళ్ళు అక్కడే దొరుకుతాయి. శ్రీనగర్‌లో ఒక్క ఫజ్ర్ అయినా అలాంటి మసీదులో చేయమని మా సిఫారసు.

కుమార్తె విషయం కూడా లేఖలో ఉంది. తండ్రి, అన్నలు వెంట ఉన్న ప్రయాణం కాబట్టి అభ్యంతరం లేదు. మోకాళ్ళు దాటిన వదులైన కోటు, శిరస్త్రాణం కింద హిజాబ్ ఆ చలికి కూడా అవసరమే. అన్నలు ముందు నేర్చుకుని చెల్లెలికి నేర్పితే పరాయి శిక్షకుడు చేయి పట్టుకునే అవసరం తప్పుతుంది.

పెద్దవాడు నమాజులో అలసత్వం చూపుతాడని, ఐదు రోజులు చేతికి చిక్కుతాడు గనుక సరిచేస్తానని ఆయన రాశారు. దయచేసి ఆ పని పెట్టుకోవద్దు. సొంత డబ్బుతో తండ్రిని తీసుకువెళ్ళిన కొడుకు మళ్ళీ తీసుకువెళ్ళడు. ఫజ్ర్‌కు ఒకసారి మెల్లగా లేపండి. వేడినీళ్ళు సిద్ధంగా ఉంచండి. లేవకపోతే మీరు చదువుకుని అతని కోసం దుఆ చేయండి. ఫలహారం దగ్గర ఆ ప్రస్తావన తేవద్దు.

మంచు కురవకపోవచ్చు కూడా. 2024 జనవరి తొలి వారాల్లో గుల్‌మర్గ్ బోసిపోయింది. కాశ్మీరీలు మసీదులలో మంచు కోసం దుఆలు చేశారు. మనకు ఆట అయినది వారికి వేసవి పొలాల నీరు.

అక్కడ చెక్కబండిపై యాత్రికులను కూర్చోబెట్టి మనుషులు లాగుతారు. నడవలేని తల్లికి అది సేవ. ఆరోగ్యవంతుడైన యువకుణ్ణి తండ్రి వయసువాడు ఎత్తుకు లాగటం మాత్రం మాకు నచ్చదు. అతని చలికాలపు సంపాదన అదే కాబట్టి సామాను మోయించి, దారి చూపించమని కోరి, అదే కూలి అక్కడికక్కడే ఇవ్వండి. ప్రయాణం నుండి తిరిగి వచ్చాక మరో లేఖ రాయమని ఆ సోదరుణ్ణి కోరాము. ఎవరు ఎన్నిసార్లు మంచులో పడ్డారో కూడా రాయమన్నాము.