కొత్త కారుకి టానిక్కు ఎందుకండీ?

సంక్రాంతికి తాడేపల్లిగూడెం వెళ్ళినప్పుడు నాన్నగారి కొత్త కారు మొదటి ఫ్రీ సర్వీసు బిల్లు చూశాను. ఏలూరులో చేయించారు. లేబరు ఫ్రీయే, కానీ చివర్లో "ఇంజన్ ఆయిల్ ట్రీట్‌మెంట్" అని ఓ లైను, తొమ్మిదొందల చిల్లర! ఆయిల్ మార్చలేదు, ఉన్న ఆయిల్లోనే ఓ డబ్బా పోశారట.

"కొల్లేరు వైపు తిరుగుతామంటే, ఆ దుమ్ముకి ఇంజన్‌కి మంచిదన్నార్రా" అన్నారు నాన్న. కైకలూరు దగ్గర బాబాయి చేపల చెరువులకి వెళ్తుంటారు లెండి, సగం దారి చెరువు గట్లే. కానీ దుమ్ము సంగతి చూసుకోవాల్సింది ఎయిర్ ఫిల్టరు కదా!

కారులోని మాన్యువల్ తీశాను. ఫలానా గ్రేడు ఆయిల్ వాడండి, అందులో ఇంకేమీ కలపొద్దు అని స్పష్టంగా ఉంది. అంటే కంపెనీ పుస్తకంలో వద్దంటుంది, అదే కంపెనీ బోర్డు కింద డీలరు పోస్తాడు. నాకు మండింది అక్కడే.

అసలు మంచి ఇంజన్ ఆయిల్లో అరుగుదల తగ్గించే జింక్ సమ్మేళనాలు, మడ్డి పేరుకోకుండా చూసే డిటర్జెంట్లు ముందే కొలత ప్రకారం కలిపి, పరీక్షించి అమ్ముతారు. మన భాషలో చెప్పాలంటే, టెస్టింగ్ పాసైన బిల్డులో ఎవరో వచ్చి ప్రొడక్షన్లో సొంత ప్యాచ్ వేసినట్టన్నమాట. అమెరికాలో స్లిక్ 50 అనే ఇలాంటి మందు బాగా అమ్ముడుపోయేది. దాని ప్రకటనలకి ఆధారాల్లేవని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెడితే, 1997లో వాళ్ళు రాజీకొచ్చారు.

ఒక్క డబ్బాతో వారంటీ మొత్తం పోతుందని భయపెట్టడం లేదు. కానీ రేపు ఇంజన్లో ఏదైనా తేడా వస్తే, "అది దీనివల్ల కాదు మహాప్రభో" అని వాదించుకునే ఖర్మ మనకెందుకు?

సర్వీసు అడ్వైజరుకి ఫోన్ చేశాను. "దీనివల్ల వారంటీకి ఇబ్బంది లేదని రాసివ్వండి" అన్నాను. కాసేపు నిశ్శబ్దం. "ఈసారి నుంచి వేయం లెండి సార్" అన్నాడు. రాసివ్వడం మాత్రం కుదరదట!

డబ్బా పోసింది వాళ్ళే అనడానికి మా దగ్గరున్న సాక్ష్యం ఆ బిల్లొక్కటే. నాన్న దాన్ని తీసుకెళ్ళి ఎల్ఐసీ బాండ్ల ఫైల్లో పెట్టారు.