కనబడుటలేదు... ఒక ప్లగిన్!

పేపర్లో ఓ మూల అప్పుడప్పుడూ చిన్న ప్రకటన కనిపిస్తుంటుంది. పైన పెద్దక్షరాల్లో 'కనబడుటలేదు' అని ఉంటుంది. కింద పేరు, వయసు, ఆనవాళ్లు, చివరిసారి ఎక్కడ కనిపించారు, ఎక్కడెక్కడ వెతికారు... అన్నీ వివరంగా రాస్తారు.

సెల్‌ఫోన్ యాప్‌లు తయారుచేసేవాళ్లకీ అచ్చం ఇలాంటి ప్రకటనే ఎదురవుతుంది. కాకపోతే పేపర్లో కాదు, కంప్యూటర్ తెర మీద. అదీ ఎర్రటి అక్షరాల్లో. 'ఫలానా పేరుగల ప్లగిన్, ఫలానా వెర్షన్, ఎక్కడ వెతికినా దొరకలేదు' అన్నది దాని సారాంశం. ఆ ఎరుపు చూడగానే చాలామందికి చేతులు ఆడవు. రాత్రంతా కూర్చుని రాసిన ప్రోగ్రామ్‌లో ఎక్కడో తప్పు చేశామని బెంగపడిపోతారు. నిజానికి చాలాసార్లు తప్పు వాళ్లది కాదు. ఆ సంగతి తెలియాలంటే ఓ కిరాణా కొట్టు దాకా వెళ్లాలి.

ఎర్రట్ట పుస్తకం... సెల్‌ఫోన్‌లోకి!

ఈ కథలో అమ్మాయికి పేరు అక్కర్లేదు. ఇంజినీరింగ్ చదివిన పిల్లలున్న ఏ వీధిలోనైనా ఇలాంటి అమ్మాయి ఒకరుంటుందనుకోండి. నాన్నది కిరాణా కొట్టు. అరువు లెక్కలన్నీ ఎర్రట్ట ఖాతా పుస్తకంలో రాసుకునేవారు. 2020లో కాలేజీలు మూసేసి ఇంటిపట్టున ఉన్నప్పుడు కూతురు ఆ ఖాతా కోసం ఓ చిన్న ఆండ్రాయిడ్ యాప్ తయారుచేసి నాన్న ఫోన్‌లో వేసింది. ఎవరెంత బాకీ, ఎప్పుడిచ్చారు... అన్నీ అందులోనే.

నాలుగేళ్లు దివ్యంగా నడిచింది. ఈలోగా అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. ఫోనేమో ముసలిదైపోయింది. ఛార్జింగ్ పెడితేగానీ వెలగదు. కొత్త ఫోన్ కొన్నారు. కానీ పాతదాన్లోని ఖాతాని కొత్తదాన్లోకి పంపే మీట ఆ యాప్‌లో లేదు. అప్పట్లో ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు మరి!

"ఓ మీట పెట్టడమేగా నాన్నా, అరగంట పని" అంది 2025 సంక్రాంతికి ఇంటికొచ్చిన కూతురు. కొత్త ల్యాప్‌టాప్‌లో పాత ప్రాజెక్టు తెరిచింది. ఇంకా ఒక్క అక్షరమైనా మార్చలేదు. తెరంతా ఎరుపు! ఒక్కో చిక్కే విప్పుకుంటూ వస్తే చివరికి ఒకటి మిగిలింది... 'ప్లగిన్ దొరకలేదు'.

అరగంట కాస్తా అర్ధరాత్రి అయింది. "అన్నం చల్లారిపోతోందే" అని అమ్మ మూడుసార్లు పిలిచింది. "నిన్నటిదాకా ఫోన్‌లో పనిచేస్తున్నదే కదమ్మా, ఇప్పుడేమైంది?" అన్నారు నాన్న. ఆ ఖాతాలో ఉన్నది ఆయన కష్టార్జితం. గొంతులో ఆదుర్దా దాచుకున్నా దాగలేదు.

హోల్‌సేల్ కొట్టు మూసేశారు

ఇంతకీ ప్లగిన్ అంటే ఏమిటి? ప్రోగ్రామర్ రాసిన రాతని ఫోన్ ఉన్నదున్నట్టుగా చదవలేదు. దాన్ని ఫోన్‌కి అర్థమయ్యే రూపంలోకి మార్చాలి. బొమ్మలూ అక్షరాలూ అన్నీ కలిపి ఒక్క పొట్లంగా కట్టాలి. పైన సంతకం ముద్ర వేయాలి. ఆండ్రాయిడ్ యాప్‌ల తయారీలో ఈ పనంతా చేసే గుమాస్తా పేరు గ్రేడిల్. చురుకైనవాడే గానీ వాడికి ఆండ్రాయిడ్ సంగతులు సొంతంగా తెలియవు. ఎలా కట్టాలో నేర్పే చిన్న చిన్న పనిముట్లను తెచ్చివ్వాలి. అవే ప్లగిన్‌లు. గూగుల్ ఇచ్చే ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ వాటిలో ముఖ్యమైంది. అది లేకపోతే గుమాస్తా చేతులు కట్టుకుని కూర్చుంటాడు.

ఆ పనిముట్లు మన కంప్యూటర్లో పుట్టవు. ఇంటర్నెట్‌లో వాటికి పెద్ద పెద్ద గిడ్డంగులున్నాయి. గ్రేడిల్ మొదటిసారి అక్కడికెళ్లి తెచ్చుకుంటుంది. తెచ్చినదాన్ని కంప్యూటర్లోనే ఓ మూల దాచుకుంటుంది. మళ్లీ కావాలంటే ఆ మూలలోంచే తీస్తుంది. అందుకే పాత కంప్యూటర్లో ఏళ్ల తరబడి హాయిగా నడిచిన ప్రాజెక్టు, కొత్తదాన్లో పెట్టగానే మొరాయిస్తుంది. కొత్తదాని మూల ఖాళీ! మళ్లీ గిడ్డంగికి వెళ్లాల్సిందే.

కూతురు ఈ మాట చెప్పగానే కిరాణా కొట్టాయనకి విషయం అర్థమైపోయింది. "అంటే, మన హోల్‌సేల్ వాడు కొట్టు మూసేశాడంటావ్. అంతేగా!"

అక్షరాలా అంతే. ఏళ్ల తరబడి ఆండ్రాయిడ్ ప్రాజెక్టుల్లో 'జేసెంటర్' అనే గిడ్డంగి చిరునామా దానంతటదే చేరిపోయి ఉండేది. దాన్ని నడిపింది జేఫ్రాగ్ అనే సంస్థ. ఇక మూసేస్తున్నామని 2021 ఫిబ్రవరిలో ప్రకటించింది. లక్షలాది ప్రాజెక్టుల్లో ఆ చిరునామాయే ఉండటంతో గగ్గోలు పుట్టింది. కొత్త సరుకు చేర్చుకోవడం ఆపేసి, ఉన్న సరుకు మాత్రం ఇంకొన్నాళ్లు ఇస్తామని సంస్థ మెత్తబడింది. 2024 ఆగస్టు 15 నుంచి మాత్రం అక్కడికి వెళ్లినవాళ్లని మావెన్ సెంట్రల్ అనే మరో గిడ్డంగికి పంపించేస్తున్నారు. రెండుచోట్లా ఉన్న సరుకైతే ఇబ్బంది లేదు. జేసెంటర్‌లో మాత్రమే ఉన్న సరుకు మాటేమిటి? ఇక దొరకదు. అమ్మాయి ప్రాజెక్టుకి తగిలిన దెబ్బ అదే.

ఆనవాళ్లు చదవండి!

'కనబడుటలేదు' ప్రకటనలో మూడు ముక్కలుంటాయి కదా... పేరు, ఆనవాళ్లు, వెతికిన చోట్లు. ఎర్రక్షరాల్లోనూ సరిగ్గా ఆ మూడే ఉంటాయి. చాలామంది మొదటి లైను చూసి బెదిరిపోయి, కింద ఉన్నది చదవరు. మందు అక్కడే ఉంటుంది.

మొదట పేరు చూడాలి. ఒక్క అక్షరం, ఒక్క చుక్క తప్పినా దొరకదు. కొన్నిసార్లు పేరు సరైనదే అయినా సరుకే పేరు మార్చుకుని ఉంటుంది. యాప్ ఎక్కడ ఆగిపోయిందో చెప్పే క్రాష్‌లిటిక్స్ ఒకప్పుడు ఫ్యాబ్రిక్ పేరుతో ఉండేది. 2020లో ఫ్యాబ్రిక్‌ని గూగుల్ మూసేసింది. ఇప్పుడది ఫైర్‌బేస్ పేరు మీద దొరుకుతుంది. పాత పేరుతో ఎంత వెతికినా లాభం లేదు.

తర్వాత వెర్షన్. కొట్లో కిలో ప్యాకెట్లే ఉంటే ముప్పావు కిలో ప్యాకెట్ అడిగినట్టు, అసలు విడుదలే కాని నంబరు రాసేస్తుంటారు కొందరు. ఇంకో మెలిక కూడా ఉంది. ఆండ్రాయిడ్ ప్లగిన్ వెర్షన్‌కీ గ్రేడిల్ వెర్షన్‌కీ జాతకాలు కలవాలి. ప్లగిన్ 8వ వెర్షన్ కావాలంటే గ్రేడిల్ కూడా 8వదో ఆపైదో ఉండాలి. జావా కనీసం 17 ఉండాలి. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే పేచీయే.

మూడోది, వెతికిన చోట్లు. ఇక్కడే ఎక్కువమంది దొరికిపోతారు. గూగుల్ సొంత గిడ్డంగి, మావెన్ సెంట్రల్, గ్రేడిల్ ప్లగిన్ పోర్టల్... మామూలుగా ఈ మూడు చిరునామాలూ ఉంటే చాలు. కానీ ఇప్పటి ప్రాజెక్టుల్లో చిరునామాలకి రెండు చీటీలుంటాయి. 'ప్లగిన్ మేనేజ్‌మెంట్' అన్నది పనిముట్ల కోసం. 'డిపెండెన్సీ రిజల్యూషన్ మేనేజ్‌మెంట్' అన్నది యాప్‌లో కలిసే సరుకు కోసం. రెండో చీటీలో గూగుల్ చిరునామా రాసేసి, 'అన్నీ సరిగ్గానే ఉన్నాయిగా' అని తల పట్టుకునేవాళ్లు బోలెడుమంది. మొదటి చీటీలో అది లేదని గమనించరు!

ఈ మూడూ సరిగ్గానే ఉన్నా దొరకలేదంటే దారి మూసుకుపోయిందన్నమాట. ఆఫీసు, కాలేజీ నెట్‌వర్క్‌లలో ప్రాక్సీ అడ్డుపడొచ్చు. ఎప్పుడో డేటా ఆదా అవుతుందని నొక్కిన 'ఆఫ్‌లైన్' మీట అలాగే ఉండిపోయి ఉండొచ్చు. అప్పుడు గుమాస్తా గడప దాటడు. ఇంట్లో లేదని చెప్పి ఊరుకుంటాడు.

అన్నట్టు, ఫ్లట్టర్‌తో యాప్‌లు చేసే పిల్లలకి 'మిస్సింగ్ ప్లగిన్ ఎక్సెప్షన్' అని మరోటి వస్తుంది. పేరు చూసి రెండూ ఒకటే అనుకోవద్దు. అది పొట్లం కట్టేటప్పుడు కాదు, యాప్ నడిచేటప్పుడు వచ్చేది. కొత్త ప్లగిన్ చేర్చాక 'హాట్ రీలోడ్' చేసి సరిపెట్టుకుంటే తరచూ ఇలా అవుతుంది. యాప్‌ని పూర్తిగా ఆపేసి, మళ్లీ మొదటినుంచి బిల్డ్ చేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది.

అదే లేబుల్... లోపల నకిలీ!

దొరకని ప్లగిన్ కోసం ఇంటర్నెట్‌లో వెతికితే 'ఈ చిరునామా కూడా చేర్చుకో, పనైపోతుంది' అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. నిజంగానే పనైపోతుంది. కానీ ఆ గిడ్డంగి ఎవరిది? అందులో సరుకు ఎవరు పెట్టారు?

2021 ఫిబ్రవరిలోనే అలెక్స్ బిర్సన్ అనే భద్రతా పరిశోధకుడు ఓ ప్రయోగం బయటపెట్టాడు. పెద్ద కంపెనీలు లోపల్లోపల వాడుకునే ప్రోగ్రామ్ ముక్కల పేర్లు తెలుసుకున్నాడు. అవే పేర్లతో తను తయారుచేసిన ముక్కల్ని అందరికీ అందుబాటులో ఉండే గిడ్డంగుల్లో పెట్టాడు. యాపిల్, మైక్రోసాఫ్ట్ సహా 30కి పైగా కంపెనీల కంప్యూటర్లు వాటిని తమ సరుకే అనుకుని లోపలికి తెచ్చేసుకున్నాయి! అతను హాని తలపెట్టలేదు కాబట్టి సరిపోయింది. బహుమతులు కూడా ఇచ్చారు. అదే పని దొంగ చేస్తే?

"మాకు తెలీనిదా! అదే లేబుల్, అదే రంగు కవరు. లోపల టీపొడి మాత్రం వేరే" అన్నారు నాన్న. ఖాతా యాప్‌లో వీధిలో అందరి పేర్లూ ఫోన్ నంబర్లూ ఉన్నాయి. ముక్కూ మొహం తెలియని గిడ్డంగి సరుకు తెచ్చి అందులో కలపడం కంటే, ఆ ప్లగిన్ లేకుండా గడుపుకోవడమే మేలు.

పదకొండు లైన్ల పాఠం

ఒకరి అటక మీది సరుకుని నమ్ముకుని ఇంకొకరు బతకడం ఎంత ప్రమాదమో 2016 మార్చిలోనే తెలిసొచ్చింది. అజెర్ కొచులు అనే ప్రోగ్రామర్‌కి, జావాస్క్రిప్ట్ గిడ్డంగి ఎన్‌పీఎమ్‌కి ఓ పేరు విషయంలో తగవు వచ్చింది. ఆయన కోపంతో తన ప్రోగ్రామ్‌లన్నీ వెనక్కి తీసేసుకున్నాడు. అందులో 'లెఫ్ట్‌ప్యాడ్' ఒకటి. మొత్తం కలిపి 11 లైన్లు! అక్షరాలకి ఎడమపక్క ఖాళీలు చేర్చడమే దాని పని. దాన్ని వాడుకునే ప్రోగ్రామ్‌లు, వాటిని వాడుకునే ఇంకొన్ని... అలా గొలుసుకట్టుగా ప్రపంచవ్యాప్తంగా వేలాది ప్రాజెక్టులు ఆగిపోయాయి. రెండు మూడు గంటల్లో దాన్ని తిరిగి పెట్టాల్సి వచ్చింది. ఇష్టం వచ్చినప్పుడు తీసేసుకునే వీలు లేకుండా ఆ తర్వాత నిబంధనలు బిగించారు. మావెన్ సెంట్రల్‌లో ఒకసారి పెట్టిన సరుకుని మామూలుగా తీసేయనివ్వరు. గిడ్డంగిని ఎంచుకునేటప్పుడు చూసుకోవాల్సిన గుణం అది.

ఇంతకీ దాంతో పనేంటి?

అర్ధరాత్రి దాటాక నాన్నే అడిగారు, "అమ్మాయ్, ఆ దొరకని సామాను చేసే పనేంటి అసలు?" అని.

అమ్మాయి తడుముకుంది. వెతికి చూస్తే... పొట్లం మీద తయారైన తేదీ ముద్రించడం. అంతే! చదువుకునే రోజుల్లో ముచ్చటపడి పెట్టుకుంది. దానికి సంబంధించిన రెండు లైన్లు తీసేసింది. జేసెంటర్ పేరు కొట్టేసి మావెన్ సెంట్రల్ రాసింది. ఈసారి ఎరుపు రాలేదు. కొత్త మీట పెట్టడానికి మాత్రం, ముందే అన్నట్టు, అరగంటే పట్టింది.

ఇంకొక్క గండం మిగిలింది. కొత్త పొట్లం మీద పాత సంతకమే ఉండాలి. లేకపోతే ఫోన్ దాన్ని పాత యాప్ మీద వేయనివ్వదు. పాతది తీసేసి వేద్దామంటే దాంతోపాటే ఖాతా పోతుంది. ఆ సంతకం ఉండేది 'కీస్టోర్' అనే చిన్న ఫైల్లో. నాలుగేళ్ల కిందట దాన్ని ఓ పెన్‌డ్రైవ్‌లో వేసి, పాస్‌వర్డ్ చీటీతో సహా అమ్మకిచ్చింది. బీరువాలో రిజిస్ట్రేషన్ కాగితాల మధ్య భద్రంగా ఉంది!

మీ ఇంట్లోనూ యాప్‌లు రాసే పిల్లలుంటే ఈ మూడు మాటలు చెప్పండి. కీస్టోర్‌ని రెండుచోట్ల దాచుకోమనండి. ఏ ప్లగిన్ ఎందుకు పెట్టారో పక్కనే తెలుగులోనైనా ఓ ముక్క రాసుకోమనండి. ఆర్నెల్లకోసారి పాత ప్రాజెక్టు తెరిచి ఒకసారి బిల్డ్ చేసి చూడమనండి. కొట్టు మూతపడే సంగతి ముందే తెలుస్తుంది.

మర్నాడు పొద్దున బాకీలన్నీ కొత్త ఫోన్‌లోకి వచ్చేశాయి. నాన్న ఒక్కో పేరూ నొక్కి చూసుకున్నారు. తృప్తిగా తలూపారు. ఆ తర్వాత అటక మీంచి ఎర్రట్ట పుస్తకం దించి, దుమ్ము దులిపి, బాకీలన్నీ అందులోకి ఎక్కించడం మొదలుపెట్టారు. కూతురు నవ్విందేగానీ వద్దనలేదు.